పసిగుడ్డు కింద మడత గుడ్డ

మా పిల్లల ఆసుపత్రిలో ఆమెకు రెండు పేర్లు. బిడ్డల తల్లులకు డాక్టరమ్మ. వ్యాసాలు రాసే డాక్టర్లకు మాత్రం ‘తిరుగుటపా అమ్మ’. ఆసుపత్రి తరఫున మూడు నెలలకోసారి వెలువడే పరిశోధన పత్రికకు ఆమె సంపాదకురాలు. ఎంతటివారు రాసిన వ్యాసమైనా ఒక్కసారైనా వెనక్కి వెళ్లకుండా అచ్చయిన సందర్భం, పత్రిక గదిలో పేజీలు పేర్చే నేను, ఎన్నడూ చూడలేదు. వెళ్లేటప్పుడు పైన ఒక చీటీ ఉండేది. “చాలా బాగా రాశారు. ఈ లెక్క ఎలా వచ్చిందో మాత్రం నాలాంటి మందబుద్ధికి అంతుపట్టలేదు. కాస్త విడమరిచి చెప్పండి” అని. ఆ మందబుద్ధి ఎవరో చదివినవారికి తెలిసిపోయేది. అయినా ఎవరికీ కోపం వచ్చేది కాదు.

పత్రిక గది అంటే ఒకప్పుడు దుప్పట్లు ఆరేసిన వసారా. పక్కనే ఆక్సిజన్ సిలిండర్లు దొర్లించే చప్పుడు. వార్డులన్నీ చూసుకుని వచ్చి, చెప్పులు బయట విడిచి, కుర్చీ లాక్కునే ముందు ఆమె కళ్లు మూసుకుని క్షణం నిలబడేవారు. ఏం మొక్కుకుంటారని ఒకరోజు అడిగాను. మన అచ్చులో పడిన పొరపాటు ఏ పసివాడి ఒంటి మీదికీ రాకూడదని మొక్కుకుంటానన్నారు. ఆవిడ భర్త లెక్కల మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. మధ్యాహ్నం భోజనం క్యారియర్ తానే తెచ్చేవారు. తెచ్చి, “మా ఇంట్లో నేను వండిన కూర కూడా సవరణల కోసం వెనక్కి వస్తుందయ్యా” అని నాతో వాపోయేవారు. ఆమె తల ఎత్తకుండానే, నిన్నటి కూరలో ఉప్పుకు ఆధారం చూపించలేదు కదా అనేవారు.

ఆ పత్రికలో అచ్చయిన వ్యాసాల్లో మా అందరికీ ముద్దైనది చిన్న సిస్టరు రాసింది. బరువు తక్కువగా పుట్టిన పిల్లలను చూసే పై వార్డులో ఆమె నర్సు. తల్లిపాలు పిండి, చెంచాతో కొంచెం కొంచెంగా, రాత్రీ పగలూ మామూలుకన్నా రెట్టింపు సార్లు పట్టిస్తే పిల్లలు త్వరగా బరువు పెరుగుతున్నారని ఆమె గమనించింది. మామూలుగా పాలు పట్టే కింది వార్డు పిల్లలతో పోల్చి రాసింది. మూడుసార్లు వెనక్కి వెళ్లి, నాలుగోసారి పత్రిక మొదటి పేజీకి ఎక్కింది. ఒక నర్సు రాసిన వ్యాసం మొదటి పేజీలో రావడం అదే మొదలు. పై వార్డులో ఆయమ్మలు చదవడం రాకపోయినా ఆ పేజీని చేత్తో నిమిరి చూసుకున్నారు.

తర్వాత కొన్నాళ్లకు కొత్త నర్సులకు పాఠాలు చెప్పే సిస్టరు ఉద్యోగం ఖాళీ పడింది. చిన్న సిస్టరుకు చదువు చెప్పడమంటే ప్రాణం. పైగా అది పగటి ఉద్యోగం. అప్పటిదాకా ఆమె కూతురు వారంలో సగం రాత్రులు అమ్మమ్మ పక్కలోనే నిద్రపోయేది. ఆ ఉద్యోగానికి ఆమె చేతిలో ఉన్న బలమల్లా ఈ వ్యాసమే. ఇంటర్వ్యూ దగ్గర పడింది. అందరం ఆ కుర్చీ ఆమెదేనని అనేసుకున్నాం.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం చిన్న సిస్టరు మా పత్రిక గది గుమ్మంలో వచ్చి నిలబడింది. వెనకాల పై వార్డు ఆయమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ పొద్దున ఆయమ్మ పిల్లను తూచబోతుంటే తాను పక్కనే నిలబడి చూసిందట. తూకం యంత్రం మీది రేకు పళ్లెంలో ఆయమ్మ ముందు ఒక మడత గుడ్డ పరిచింది. దాని మీద పిల్లను పడుకోబెట్టింది. గుడ్డ బరువూ పిల్ల బరువూ కలిసే అంకె పడింది. ఎప్పటి నుంచి ఇలా వేస్తున్నావని అడిగితే, ఎప్పుడూ ఇలాగేనంది. పుట్టినప్పటి బరువు కాన్పుల గదిలో తీస్తారు. అక్కడ గుడ్డ ఉండదు. కింది వార్డులోనూ ఉండదు. అంటే పై వార్డు పిల్లలు పెరిగారనుకున్న బరువులో ఎంతో కొంత గుడ్డదే.

“రేకు చల్లగా ఉంటుంది డాక్టరమ్మా. పసిగుడ్డు ఉలిక్కిపడి ఏడుస్తుంది. పాపం కదా అని వేశాను. తప్పంతా నాది, సిస్టరమ్మను ఏమీ అనకండి” అంది ఆయమ్మ.

డాక్టరమ్మ గుడ్డలన్నీ ఒకే రకమా అని అడిగారు. ఒకటి పాత చీర ముక్క, ఒకటి మందపాటి తువ్వాలు, ఏది ఉతికి ఆరితే అది వేశానంది ఆయమ్మ. ఇక గుడ్డ బరువు తీసివేసి లెక్క కట్టే దారి లేదు. చిన్న సిస్టరు అప్పుడు ఏడ్చింది. డాక్టరమ్మ లేచి కూజాలోంచి మంచినీళ్లు తానే వంచి ముందు ఆయమ్మకు, తర్వాత ఆమెకు ఇచ్చారు. “గుడ్డ వేయడం మానకు. వేసి, అంకెను సున్నాకు తెచ్చి, అప్పుడు పిల్లను పడుకోబెట్టు. ఇది నీకు ఎవరూ చెప్పలేదు. నేను ఈ వ్యాసాన్ని మూడుసార్లు వెనక్కి పంపాను. పిల్లల్ని ఎలా తూచారని ఒక్కసారీ అడగలేదు” అన్నారు.

వాళ్లు వెళ్లాక నన్ను పేజీలు ఆపమన్నారు. కొత్త సంచిక మర్నాడు అచ్చుకు వెళ్లాలి. ఇందులో చెప్పకపోతే మళ్లీ మూడు నెలలకే. ఈలోగా ఇంటర్వ్యూ అయిపోతుంది. వచ్చే సంచికలో వేస్తే ఎవరూ వేలెత్తి చూపరు. ఆమె మనసు అటే మొగ్గిందని తర్వాత తానే నాతో చెప్పారు. ఆ పిల్ల నిజం దాచలేదు, తానే నడిచి వచ్చి చెప్పింది, ఆ మాత్రం దయ చూపకూడదా అనిపించిందట.

మర్నాడు పొద్దున్నే దూరపు ఊరి ఆసుపత్రి నుంచి పెద్ద నర్సమ్మ ఫోన్ చేసింది. మీ వ్యాసం చదివి మేమూ మొదలుపెట్టామమ్మా అని సంతోషంగా చెప్పింది. బాలింతలు నిద్రకు ఆగలేక గోడకు తల ఆనించి పాలు పిండుతున్నారట. అయినా బిడ్డ కోసం కదా అని ఓర్చుకుంటున్నారట. డాక్టరమ్మ ఆమెను ఆపి జరిగింది చెప్పారు. “అయితే ఈ రాత్రి వాళ్లను పడుకోనిస్తానమ్మా” అందట నర్సమ్మ.

ఫోన్ పెట్టేసి చిన్న సిస్టరును పిలిపించారు. “ఇలా ఫోన్ చేయని ఆసుపత్రులు ఇంకెన్ని ఉన్నాయో మనకు తెలియదు తల్లీ. నీకు చెప్పకుండా వేయను. కానీ ఈ సంచికలోనే వేస్తాను.”

చిన్న సిస్టరు తల వంచుకుంది. “ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆపమని అడుగుదామనే వచ్చానమ్మా. మాట నోటిదాకా వచ్చింది. మీరు ముందే అనేశారు, బతికిపోయాను” అంది.

నాలుగు వాక్యాల ఆ ప్రకటనను డాక్టరమ్మ మధ్యాహ్నం దాకా రాశారు, కొట్టేశారు, మళ్లీ రాశారు. తూకంలో పొరపాటు జరిగినందున ఈ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నాం. దీన్ని అనుసరిస్తున్న ఆసుపత్రులు దయచేసి ఆపండి. పొరపాటును కనిపెట్టి మాకు తెలిపినవారు వ్యాసకర్తే. అడగవలసిన ప్రశ్న అడగని తప్పు మాది. ఆయమ్మ ఊసు అందులో లేదు. పత్రిక సంఘంలోని ఒక పెద్దాయన వచ్చి, వేస్తే వేయండి గానీ, చివరి పేజీలో మూలకు వేయరాదా, పరువు పోతుంది అన్నారు. “తప్పును సింహద్వారం గుండా పంపాం కదండీ. దిద్దుబాటును దొడ్డిదారిన పంపడమేమిటి?” అన్నారు డాక్టరమ్మ నవ్వుతూనే. మొదటి పేజీలోనే వేశాం.

ఇంటర్వ్యూకు చిన్న సిస్టరు కొత్త సంచికే తీసుకువెళ్లింది. వాళ్లు అడగకముందే విషయం చెప్పింది. ఉద్యోగం కింది వార్డు సీనియరు సిస్టరుకు వచ్చింది. ఆ కబురు చెప్పడానికి మా గదికి వచ్చినప్పుడు ఆమె మొహం వాడి ఉంది కానీ కుంగిపోలేదు. “అక్కయ్యకు రావలసిందే లెండి, నాకు సూది వేయడం నేర్పింది ఆవిడే” అంది. ఆ పరిశోధన సరైన తూకంతో మళ్లీ చేసి వచ్చే ఏడు రమ్మన్నారట. దూరపు ఊరి నర్సమ్మ కూడా తమ వార్డులో కలిసి చేద్దామని కబురు పెట్టిందట. ఇంట్లో కూతురు మాత్రం, అయితే ఇంకో ఏడాది అమ్మమ్మ కథలే కదా అని ఎగిరి గంతేసిందని చెప్పి నవ్వింది.

డాక్టరమ్మ ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. బల్ల మీది కట్టలోంచి ఒక వ్యాసం తీసి ఆమె ముందు పెట్టారు. మా పద్ధతిలో, వచ్చిన వ్యాసాన్ని అచ్చు వేసే ముందు ఆ పని తెలిసినవారి చేత చదివిస్తాం. రాసినవారి పేరు వారికి చెప్పం. ఇంతవరకు ఆ చదువరులంతా డాక్టర్లే.

“నేనా అమ్మా?” అంది చిన్న సిస్టరు. “అచ్చయిన వ్యాసం వెనక్కి తెచ్చుకున్నదాన్ని.”

“అందుకే. చదివి చెప్పు.”

ఆమె కిటికీ దగ్గర కూర్చుని చదవడం మొదలుపెట్టింది. మొహం వెలిగింది. రెండో పేజీ మధ్యలో ఆగిపోయి, పేజీలు సరిచేసి, తెచ్చి బల్ల మీద పెట్టేసింది.

“ఇది నేను చూడకూడదమ్మా. పేరు తీసేశారు కానీ, ఈ మాట తీరు నాకు తెలుసు. నాతో ఒకే గదిలో ఉండి చదువుకున్న పిల్ల. బాగాలేకపోయినా బాగుందనేస్తాను.”

డాక్టరమ్మ నావైపు ఒకసారి చూసి, ఆ వ్యాసాన్ని పక్కన పెట్టి, కట్టలోంచి ఇంకొకటి తీశారు.

“ఇది చూడు. వీళ్లెవరో తెలియదు కదా?”

“తెలియదమ్మా” అని, ఆమె మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లి కూర్చుంది.