రూతమ్మ టీచరు పిలిచిన ఇళ్లు

సత్తెనపల్లి రోడ్డు పనిలో కూలి ఆడవాళ్లు మధ్యాహ్నం వంటకు పత్తికట్టె ముట్టిస్తారు. ఆ పొగ కళ్లు మండిస్తుంది, అంతే. మొన్న ఒకామె ఎక్కడి నుంచో కందికట్టె తెచ్చి పొయ్యిలో పెట్టింది. దాని వాసన వేరు, మాడిన గింజలా కాస్త తియ్యగా ఉంటుంది. చేతిలో టేపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "ఏం సార్, కొలత తప్పిందా?" అన్నాడు మేస్త్రీ. తప్పలేదు. రూతమ్మ టీచరుగారు గుర్తుకొచ్చారు.

మాది కనిగిరి అవతల మెరక నేలల్లో చిన్న పల్లె. అక్కడి మిషన్ బడికి ఆవిడొక్కరే టీచరు. నాన్న చిన్నప్పుడే పోతే, నేను సగం ఆ బడి అరుగు మీదే పెరిగాను. అక్షరాలతో పాటు కొలవడం కూడా ఆవిడే నేర్పారు. గుంజకూ గుంజకూ మధ్య తాడు పట్టించి, "కంటితో చెప్పకు, కొలిచి చెప్పు" అనేవారు. నేను గుంటూరులో పాలిటెక్నిక్ చదువుతుండగా మా ఊరి బావులు ఎండిపోయాయి. జనమంతా మిరప కోతలకూ పత్తి తీతలకూ సత్తెనపల్లి వైపు వెళ్లి అక్కడే ఉండిపోయారు. అమ్మ కూడా వెళ్లి, మొదటి ఎండాకాలమే మిరప కల్లంలో జ్వరం వచ్చి పోయింది. ఊళ్లో టీచరుగారొక్కరే మిగిలారు.

చదువయ్యాక రోడ్ల పనుల్లో ఓవర్సీరు ఉద్యోగానికి ఎంపికయ్యాను. సొంత ఊరి శాశ్వత నివాసినని ధ్రువపత్రం తెస్తేనే చేర్చుకుంటారు. దరఖాస్తు పెడితే తిరస్కరించారు. "మనుషుల్లేని ఊరికి నువ్వు నివాసివెట్లా అవుతావయ్యా?" అన్నాడు గుమాస్తా. మళ్లీ పెట్టుకున్నాను. ఈసారి రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగారే వచ్చి ఇరుగుపొరుగును విచారిస్తారన్నారు. ఆయన కాదంటే ఇక అంతే.

సంగతి చెబుదామని ఊరికి వెళ్లాను. మలుపు తిరగగానే మా ఇంటి కప్పులోంచి కందికట్టె పొగ లేస్తూ కనిపించింది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించేవాళ్లు ఎవరూ లేరు. లోపలి నుంచి టీచరుగారు వచ్చారు.

"ఏరా, భయపడ్డావా? ఇవాళ మీ ఇంటి వంతు. పొగ తగలకపోతే కప్పు పురుగు పట్టిపోతుంది."

రోజుకో ఇంట్లో వండుకుంటున్నారట. మర్నాడు వెంట వెళ్లి చూశాను. గడప బయట నిలబడి ఇంటావిణ్ణి పేరు పెట్టి పిలిచారు. కాసేపు ఆగి, తల ఊపి, లోపలికి వెళ్లారు.

"ఎవరి కోసం ఆగారండీ?"

"అడక్కుండా ఒకళ్ల వంటింట్లోకి పోతామా?"

విచారణ రోజుకు సత్తెనపల్లి నుంచి మనవాళ్లను లారీలో తెస్తానన్నాను.

"ఒక్కపూటకు వచ్చినవాళ్లను చూపిస్తే దాన్ని తిరునాళ్ల అంటారురా, ఊరనరు" అన్నారు.

ఇన్‌స్పెక్టరుగారు మిట్టమధ్యాహ్నం వచ్చారు, వెంట పక్కూరి తలారి. వీధంతా చూసి ఆయన నవ్వారు. "ఏమ్మా, గోడల్ని విచారించమంటారా?"

"వీడి ఇరుగుపొరుగు వీళ్లే" అని టీచరుగారు మొదటి ఇంటి ముందు నిలబడ్డారు. "సువార్తమ్మా!"

ఎండలో ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దంలో ఏ మాట రావాలో, చిన్నప్పటి నుంచి విన్నవాణ్ణి, నాకు తెలుసు. నోరు దానంతటదే కదిలింది. "ఉండండి టీచరమ్మా, చేతులు పిండిలో ఉన్నాయి."

టీచరుగారు నావైపు తిరగలేదు. పక్కింటికి నడిచారు. "దేవసహాయం!"

ముందు దగ్గు వచ్చింది, తర్వాత మాట. రెండూ నా గొంతులోంచే, కానీ నా గొంతులా లేవు. "నేనేమన్నా లోపల దాచిపెట్టానా? తోసుకుని రండి."

తలారి నాలుగడుగులు వెనక్కి వేశాడు. "అయ్యా, అది దేవసహాయం మాటే. ఆ దగ్గూ ఆ ఎకసెక్కమూ ఆయనవే. ఎప్పుడు పిలిచినా ఇంతే అనేవాడు."

ఇన్‌స్పెక్టరుగారి ముఖంలో నవ్వు పోయింది. టీచరుగారు ఇల్లిల్లూ పిలుస్తూ పోయారు, నేను పలుకుతూ పోయాను. చివరికి మా ఇల్లు.

"రాహేలూ!"

నాకు మాట రాలేదు. మరిచిపోయి కాదు. అమ్మ ఎప్పుడూ లోపలి నుంచి పలికేది కాదు. ఎవరు పిలిచినా కొంగుతో చేతులు తుడుచుకుంటూ గడపలోకి వచ్చి నిలబడేది. అదే ఆమె జవాబు. ఆ జవాబు నేనెలా ఇవ్వగలను? అందరం గడపవైపు చూస్తూ ఉండిపోయాం. గాలి లేదు. లోపల చీకటి చల్లగా కనిపిస్తోంది. ఇన్‌స్పెక్టరుగారు చెప్పులు విడిచారు. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, దారి వదులుతున్నట్టు గడప ముందు నుంచి పక్కకు జరిగారు.

"రాసిస్తానమ్మా" అన్నారు మెల్లగా.

ధ్రువపత్రం వచ్చింది, ఉద్యోగంలో చేరాను. టీచరుగారు పోయాక ఆ కప్పులు ఒక్కొక్కటే కూలాయి. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేసే పనుల్లో, ఖాళీ చేసిన ఇళ్లకు కొలతలు తీయడం నా వంతు. లోపలికి వెళ్లేముందు బయట నిలబడి, "ఇంట్లో ఎవరండీ?" అంటాను. కూలీలు నవ్వుకుంటారు. ఒక మనిషి చేతులు తుడుచుకుని వచ్చేంతసేపు ఆగుతాను, గడపకు అడ్డం లేకుండా, కాస్త పక్కకు జరిగి.