ఎత్తని చేతులు

పదకొండేళ్లుగా ఇది నాలో ఉంది. బరువు అందామంటే, బరువైతే భుజం మార్చుకోవచ్చు. ఇది తిమ్మిరి పట్టిన కాలు. ఉందని తెలుస్తుంది, నాదని అనిపించదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

సాలూరులో లారీ బుకింగ్ ఆఫీసు గుమాస్తాను. దానియేలు మావ లారీ డ్రైవరుగా చేసి మానేసిన మనిషి. మా చర్చి సంఘంలో పోయినవాళ్లను పాతిపెట్టడానికి జాగా లేదు. అధికారులను అడిగి అడిగి విసిగిపోయి, ఆ జాగా కోసమే ఆయన ఒక చిన్న క్రైస్తవ పార్టీ పెట్టాడు. నేను కార్యదర్శిని. మునిసిపల్ ఎన్నికల్లో ఒకసారి నిలబడి ఓడిపోయాం.

తర్వాత విజయనగరంలోని పెద్ద క్రైస్తవ పార్టీ మమ్మల్ని కలిసిపొమ్మంది. జాగా సంగతి తర్వాత చూద్దామన్నారు. మావ ససేమిరా అన్నాడు. వాళ్ల నాయకుడు నన్ను పక్కకు పిలిచి, కలిస్తే అసెంబ్లీ టికెట్ నీకే అన్నాడు. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఒకరి మొహం చూసి ఇంకొకరు మారిపోకూడదని, పెద్ద విషయమేదైనా అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉండగానే చేతులెత్తుతారు. లెక్కపెట్టేవాడొక్కడే కళ్లు తెరుస్తాడు. ఎవరెత్తారని తర్వాత ఎవరూ అడగరు. ఆ రోజు లెక్కపెట్టేవాణ్ని నేను.

అరవైమందికి పైగా ఉన్నారు. కలవడానికి పందొమ్మిది చేతులు లేచాయి. రెండుసార్లు చూశాను. ఆమేన్ అని, ఎక్కువమంది కలుద్దామన్నారని చెప్పాను. గొంతు వణకలేదు. ఎందుకు వణకలేదు? తన చెయ్యి తప్ప మిగతావన్నీ లేచాయనుకుని ఎవరికి వారు తలవంచుకుని ఇళ్లకు పోయారు.

గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటుంటే మావ నా భుజం పట్టుకున్నాడు.

"ఒరే, అడగకూడదు గానీ అడగతన్నాను. మీ అత్త ఎత్తినాదేటి?"

రూతమ్మ అత్త ఆయన భార్య.

"ఎత్తినాది మావా."

"అదీ ఎత్తినాదంటే నాదే తప్పురా. ఇంకేటీ అనను."

చూడలేదని అనొచ్చు కదా. ఆ ఒక్క మాట చాలేది. కానీ ఆమె ఎత్తలేదని తెలిస్తే మరొకరిని అడుగుతాడేమో, అలా అందరి చేతులూ బయటపడతాయేమో అని భయపడ్డాను. ఆ భయంలో, అడగకముందే సిద్ధం చేసుకున్నట్టు, అబద్ధం నోట్లోంచి వచ్చేసింది.

టికెట్ వచ్చింది. మావ వాచిన కాళ్లతో నా కోసం ఇల్లిల్లూ తిరిగాడు. మా సంఘం ఓట్లు కూడా నాకు పూర్తిగా పడలేదు, ఓడిపోయాను. మరుసటి ఎన్నికలకు టికెట్ ఇంకెవరికో పోయింది. జాగా మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మావ ఇంట్లో మాట తగ్గించేశాడు. అంతకుముందు ఆ మొగుడూ పెళ్లాల వేళాకోళాలు వీధి చివరిదాకా వినబడేవి. పద్ధతి ప్రకారం ఆయన ఆమెను అడగలేదు. ఆమెకు కారణం తెలియలేదు. తానేం తప్పు చేసిందని నన్నే అడిగింది ఒకసారి. వయసు మీద పడుతోంది కదా అత్తా అన్నాను.

రెండేళ్ల క్రితం ఆయన పోయాడు. పొరుగూరి సంఘాన్ని బతిమాలి వాళ్ల జాగాలో పాతిపెట్టాం. పెట్టెను ముందు పట్టుకున్నది నేనే.

ఇప్పుడూ ఆదివారం ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటారు. నేను మూయలేను. రూతమ్మ అత్త ముందు వరసలో కూర్చుంటుంది. ఆమెకు చెప్పాలి. చెప్పలేదు. చెబుతానని మీకు మాట కూడా ఇవ్వను. ఇది రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది, అందుకు సిగ్గుగా ఉంది.

ఆ రోజు ఆమె ఎత్తలేదు. చేతులు రెండూ ఒళ్లో బైబిలు మీదే ఉన్నాయి. నేను చూశాను.