గోడ లోపల ఆదివారం చికెన్

ఇది మహాకావ్యంలా చెప్పాల్సిన కథ. ఇందులో ఒక నగరం ఉంది, దాని చుట్టూ ఆకాశమంత గోడ ఉంది, నియంతలున్నారు, వాళ్ల మీద తిరగబడిన అమ్మాయి ఉంది. కాకపోతే అవన్నీ ఒక ఇంగ్లిష్ నవలలో ఉన్నాయి. మాకున్నది జడ్చర్ల దగ్గర ఒక గురుకుల హాస్టలు, గుడ్డిగా వెలిగే ట్యూబ్‌లైటు, పదో తరగతి వాళ్ల సాయంత్రం స్టడీ అవర్. అంతే.

నవల లైబ్రరీ బీరువాలో దొరికింది. అందులో పదహారేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ప్రభుత్వమే ఒక చీటీ ఇస్తుంది. చీటీలో ఏ పని రాసి ఉంటే జీవితాంతం అదే పని. కథలో అమ్మాయికి గోడ మరమ్మతుల శాఖ వచ్చింది. ఆమెకేమో ఆ గోడే దూకాలని ఉంది. మా గదిలో ఇంగ్లిష్ వచ్చినవాణ్ని నేనే. వచ్చంటే, రానివాళ్ల మధ్య వచ్చు. రోజుకు నాలుగైదు పేజీలు చదివి అందరికీ తెలుగులో చెప్పేవాణ్ని.

చిక్కంతా కూర దగ్గర వచ్చింది.

"వాళ్లకు ఇయ్యాల ఏం కూర?" అని అడిగాడు నా పక్క మంచం వాడు. చిట్యాల నుంచి వచ్చినవాడు, నాకు అందరికంటే దగ్గరివాడు. వంటగది నుంచి అప్పటికే సొరకాయ వాసన వస్తోంది. పుస్తకంలో వాళ్లు మూడు పూటలా బూడిదరంగు గంజి తాగుతున్నారు. ఆ మాట చెబితే వినేవాళ్లు లేచిపోయేలా ఉన్నారు. "గుడ్డు" అన్నాను. మర్నాడు ఆలుగడ్డ చేశాను. ఆదివారానికి చికెన్, పెరుగు, అరటిపండు. కథ ఎటు పోయినా మెనూ మాత్రం ఆగలేదు.

దాంతో నియంతల మీద ఎవరికీ కోపం రాకుండా పోయింది.

"పండనీకి మంచం ఇచ్చిండ్రు, చికెన్ పెడుతుండ్రు, పదహారేండ్లకే సర్కార్ నౌకరీ. గా పిల్లకు ఏం రోగం, గోడ దుంకుతా అంటది?" అన్నాడు పక్క మంచం వాడు.

"మా అన్న నోటిఫికేషన్ కోసం ఎన్నేండ్ల సంది చూస్తుండో! గా ఊరు అడ్రస్ చెప్పరా" అన్నాడు ఇంకొకడు.

పరీక్షలైపోయి అందరం ఇళ్లకు పోయేనాటికి నలభై పేజీలు మిగిలాయి. పుస్తకం నాతో మా ఊరు కేతేపల్లికి వచ్చింది. మా ఇంటి గడపలో కూర్చుని ఒక్కణ్నే పూర్తి చేశాను. అమ్మాయి గోడ దూకేసింది.

జూన్‌లో టీసీల కోసం మళ్లీ హాస్టలుకు వచ్చాం. పుస్తకం అప్పగిస్తేనే నాకు టీసీ. గేటు దగ్గర పక్క మంచం వాడు నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. ఈలోపు వాడికీ ఒక చీటీ వచ్చింది. కౌన్సెలింగ్‌లో పాలిటెక్నిక్ సీటు, ఎక్కడో దూరాన, సివిల్.

"నాయిన పొమ్మంటుండు. నాకేమో మీతోనే ఇంటర్ల జేరాలని ఉంది. ఏం జెయ్యాలె?"

"నన్నడుగుతవేందిరా?"

"సరే, గా పిల్ల ఏం జేసిందో చెప్పు. నేను గూడ గదే చేస్త."

వాడు నవ్వుతూనే అన్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు. వాళ్ల నాయిన రోడ్డు మీది నుంచి కేకేశాడు: "అయ్యిందా బిడ్డా? బస్సు పోతది!"

దూకిందని చెప్పడానికి నోరు తెరిచాను. దూకిందంటే బయట ఏం తింటున్నదని అడుగుతాడు. బయటి మెనూ నా దగ్గర లేదు.

"దుంకలే" అన్నాను. "గోడకు సిమెంటు పూసుకుంట ఆడనే ఉంది. ఆదివారం చికెన్."

"నేను జెప్పిన గద! దిమాక్ ఉన్నోళ్లు దుంకరు" అని వాడు బస్సెక్కాడు.

ఇంటర్‌లో నా పక్కన ఇంకెవడో కూర్చునేవాడు. మంచివాడే. ఏం కూర అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఒక స్నేహితుడి జీవితాన్ని చికెన్ పెట్టి దారి మళ్లించానన్న బరువు చాలా ఏళ్లు మోశాను. చెప్పొద్దూ, అంత బరువు మోస్తున్నందుకు కాస్త గర్వంగా కూడా ఉండేది.

మొన్న ఒక మధ్యాహ్నం వాడికి ఫోన్ చేశాను. ఇప్పుడు జడ్చర్ల దగ్గరే ఒక కంపెనీకి ప్రహరీ గోడ కట్టిస్తున్నాడు. అంతా ఒప్పుకున్నాను.

"దుంకిందా?" అన్నాడు.

"దుంకింది. లోపల చికెన్ గూడ లేదు. మూడు పూటలా గంజే."

వాడు కంకర మిషను ఆపమని ఎవరికో కేకేశాడు.

"గంజైతే దుంకుడే కరెక్టు."

"నా మాట విని నువ్వు ఇంటర్ ఇడిసిపెట్టినవ్ గదరా..."

"నీ మాట ఎవడు విన్నడ్రా? గప్పటికే నాయిన సీటు ఖాయం జేసి కాయితాలు ఇచ్చొచ్చిండు. టీసీ ఒక్కటే తక్కువుండె."

"మరి నన్నెందుకు అడిగినవ్?"

"కథ ఏమైందో తెల్వాలె గద!"

ఆ స్టడీ అవర్ గురించి, ఆ సొరకాయ వాసన గురించి ఏదో పెద్ద మాట చెప్పబోయాను.

"పెట్టేస్తున్న, తిననీకి పోవాలె" అన్నాడు.

"ఏం కూర?"

"సొరకాయ. ఒకటిన్నరకు క్యాంటీన్ మూస్తరు."