కప్ప మీది కుట్లు

మార్కాపురంలో నాది రంగుచేపల దుకాణం. అంతకుముందు సెల్‌ఫోన్లు బాగుచేసేవాణ్ణి. ఒకరోజు పొద్దున షట్టరు ఎత్తి తొట్లలో నీళ్లు మారుస్తుంటే, మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆమె వచ్చింది. సాయిబుల ఇంటి ఆడమనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. అక్కా అని పిలుస్తాను. ఒక చేతిలో ప్లాస్టిక్ బకెట్టు, దాని మీద స్టీలు పళ్లెం మూత. రెండో చేతిలో పచ్చడి సీసా, దాని నిండా నీళ్లు.

"తమ్ముడా, నువ్వు నాకేమి ఇచ్చినావో ఒకసారి చూసుకో," అంది.

నాలుగు నెలల కిందట ఆమె నా దగ్గర రెండు కప్పల్ని కొన్నది. బతుకంతా నీళ్లలోనే గడిపే ఆఫ్రికా కప్పలు, పొట్టి రకం. "ఇంకొంచెం పెరుగుతాయి, అంతే. చేపల జోలికి పోవు," అని చెప్పి ఇచ్చాను. చెన్నై నుంచి వచ్చిన సంచి మీద పొట్టి కప్పలని రాసి ఉంది. నేనూ అదే పేరు అట్టముక్క మీద రాసి తొట్టికి అంటించాను. ఆమె వాటిని కుట్టుమిషను పక్కన, ఆరు గప్పీ చేపలున్న గాజుతొట్టిలో వేసుకుంది.

పళ్లెం తీశాను. బకెట్టులో ఉన్న కప్ప నా అరచేతిని నింపేసేటంత ఉంది. సీసాలోది మాత్రం ఇంకా చింతగింజకు రెండింతలు కూడా లేదు.

"దీనికి మేత ఎక్కువైనట్టుందక్కా."

"రెండిటికీ ఒకటే మేత పెట్టినా. ఇది వారంలో ఆరు చేపల్నీ మింగింది. ఇంక దీన్ని గూడా మింగుతాదేమోనని సీసాలోకి మార్చినా."

జగడానికి వచ్చిందనుకున్నాను. ఆమె మాత్రం స్టూలు లాక్కుని బకెట్టు ముందు కూర్చుంది.

"ఇట్ల రా. చేతులు చూడు. చిన్నదాని వేళ్ల నడుమ సన్నటి బట్ట ఉంది. పెద్దదానికి లేదు. మన వేళ్ల మాదిరి విడివిడిగా ఉండాయి. ఇవి రెండూ ఒక జాతివి ఎట్ల అయితాయి?"

నాలుగేళ్లుగా కప్పల్ని అమ్ముతున్నాను. ఒక్క కప్ప చేతుల వంక కూడా నేను అట్లా చూడలేదు.

"అది వదిలెయ్. పక్కలు చూడు. దీన్ని ఎవురో కుట్టినారు."

ఫోన్లు బాగుచేసే రోజుల నాటి భూతద్దం, చిన్న టార్చి తెచ్చాను. పెద్ద కప్పను గాజు డబ్బాలోకి మార్చి పక్కనుంచి వెలుతురు వేశాను. బూడిదరంగు నున్నటి ఒంటి మీద, కంటి దగ్గర మొదలై నడుము దాకా, తెల్లటి చిన్న చిన్న గీతలు. ఒక గీత, కాస్త ఎడం, మళ్లీ ఒక గీత. వీపుకూ పొట్టకూ అతుకు వేసినట్టు వరసగా పోతున్నాయి. రెండో పక్కకు తిప్పాను. అక్కడా అంతే, అదే కొలత. కళ్లేమో తల మీదికి ఎక్కి ఆకాశం వైపు చూస్తున్నాయి. చిన్నదాన్ని కూడా చూశాను. దాని ఒళ్లంతా సన్నటి గరుకు. కళ్లు పక్కలకున్నాయి. ఎంత వెతికినా కుట్లు కనపడలేదు.

ఫోన్లలో వెంట్రుకంత సన్నటి తీగల్ని అతికించినవాణ్ణి. సన్నపని అంటే నాకు తెలుసనుకునేవాణ్ణి. ఆ కుట్లను భూతద్దంతో మళ్లీ మొదటి నుంచి చివరిదాకా చూశాను.

"ముప్పై ఏండ్లుగా కుడతా ఉండా. ఇంత సమంగా నాకే రాదు," అంది అక్క. ఆ మాట మెల్లగా అంది, ఎవరైనా వింటారేమో అన్నట్టు.

దుకాణంలో ఈమధ్యే వచ్చిన కప్పపిల్లలు ఇంకా పదకొండు ఉన్నాయి. అన్నీ ఒకే పేరు కింద, ఒకే తొట్టిలో. ఇద్దరం వాటిని ఒక్కొక్కటిగా గ్లాసులోకి తీసి చేతులు చూశాం. బట్ట ఉన్నవి ఇటు, లేనివి అటు. నేను రెండుచోట్ల పొరబడ్డాను, అక్క దిద్దింది. నాలుగు కప్పలు పెద్ద జాతివని తేలింది.

సరుకు పంపే చెన్నై మనిషికి ఫోను చేశాను. "కప్ప కప్పే కదన్నా. చిన్నప్పుడు అన్నీ ఒకటే మాదిరి ఉంటాయి. వేళ్లెవరు చూస్తారు?" అన్నాడు. జాకెట్లు కుట్టే ఆమె చూసిందని చెప్పాను. నవ్వి పెట్టేశాడు. అతని మీద నాకు పెద్దగా కోపం రాలేదు. ఆ పొద్దుటి దాకా నేనూ అదే మాట అనేవాణ్ణి.

"ఈ పెద్దదాన్ని ఇంకెవురు కొంటారక్కా. కంభం పోయినప్పుడు చెరువులో వదిలేసి వస్తా," అన్నాను.

"ఆరు చేపల్ని వారంలో తినింది. చెరువులో పిల్లలు పెడితే అక్కడుండే చేపలకు, మన కప్పలకు దిక్కెవురు? ఏం మాటలు మాట్లాడతావు! దాన్ని నాకే ఇయ్యి. పెద్ద తొట్టి మాత్రం నువ్వే తెచ్చి పెట్టు."

మర్నాడే పెట్టి వచ్చాను. ఆ వారంలో వానపడి కుళాయి నీళ్లు బురదగా వచ్చాయి. ఆ నీళ్లే తొట్టిలో పోసి అక్క రమ్మంటే వెళ్లాను. తొట్టిలో కప్ప ఆనవాలు కూడా లేదు, అంతా ఎర్రటి నీళ్లు. ఆమె ఒక వానపామును తెచ్చి, చప్పుడు కాకుండా, ఒక మూల గాజుకు ఆనించి నీళ్లలోకి జార్చింది. వానపాము రెండుసార్లు మెలికలు తిరిగి ఉంటుంది. రెండో మూల నుంచి కప్ప నేరుగా దాని మీదికే వచ్చి రెండు చేతులతో నోట్లోకి కుక్కుకుంది. చీకటి లాంటి ఆ నీళ్లలో దానికి కన్ను దేనికీ పనికిరాదు.

"కుట్లతోనే చూస్తాది తమ్ముడా," అంది అక్క.

ఇంటికొచ్చి ఫోనులో వెతికి చదివాను. ఆమె అన్నది నిజం. ఆ ఒక్కొక్క గీతకూ నీటి కదలిక తెలుస్తుందట. నీళ్లలో ఏ మూల ఏది మెదిలినా కప్ప ఒంటికి తెలుస్తుంది. ఏ బడిలోనూ చదవకుండా, ఊరికే చూస్తూ కూర్చుని ఆమె ఆ సంగతి తెలుసుకుంది. ఆ సాయంత్రం నేను దుకాణం తియ్యలేదు.

తరువాత నా దగ్గర కప్పలు కొన్నవాళ్లకు వరసగా ఫోన్లు చేశాను. పొరపాటు నాదేనని చెప్పి, చేతులు చూడమన్నాను. త్రిపురాంతకంలో ఒకాయన చూసి, బట్ట ఉందన్నాడు. కొనకనమిట్లలో ఒకరి కప్ప ఎప్పుడో చచ్చిపోయింది. గిద్దలూరులో మంగలిషాపు ఆయన మాత్రం, "వేళ్లు చూసేదేంది అన్నా, నాది గుప్పిట్లో పట్టదు. నువ్వే వచ్చి చూడు," అన్నాడు.

రైలెక్కి వెళ్లాను. షాపులో పొడుగు అద్దం కింద గాజుతొట్టి. అందులో ఒంటరిగా ఆ కప్ప. "తప్పు పేరుతో అమ్మినానన్నా. కావాలంటే తీసుకపోయి పొట్టిది ఇస్తా," అన్నాను.

ఆయన కుర్చీలో కూర్చున్న మనిషికి గడ్డం గీస్తున్నాడు. కత్తి ఆపి నా వైపు తిరిగాడు.

"పేరు నువ్వు తప్పు రాసినావు గానీ అదేం తప్పు చేసింది? ఉండనీ. ఈ పొద్దు మంచి టైముకు వచ్చినావు. పొద్దున్నించి ఒళ్లు విరుచుకుంటా ఉంది. చూడు ఇప్పుడు."

కప్ప వీపు గూనిలా వంచింది. ఒంటి మీంచి పొగమంచు లాంటి పలచటి పొర లేచింది. విడివిడిగా ఉన్న ఆ వేళ్లతో పొరను పట్టుకుని, తడిసిన బనీను విప్పినట్టు తల మీదుగా లాక్కుంది. చేతులు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. విప్పిన చర్మాన్ని నోట్లో పెట్టుకుని మెల్లగా మింగేసింది. కింద నుంచి బయటపడిన ఒళ్లు అప్పుడే పుట్టినట్టు మెరిసింది.

ఒక చెంపకు నురగతో ఉన్న మనిషి కుర్చీలోంచి లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పేపరు చదువుతున్న ముసలాయన పేపరు ఒళ్లో పెట్టుకున్నాడు. మంగలి ఆయన కత్తి పట్టుకున్న చేతిని వెనక్కి పెట్టుకుని, ఇది ఎన్నోసారి చూస్తున్నాడో గానీ, మొదటిసారి చూస్తున్నట్టే తొట్టి మీదికి వంగాడు.