రెండు డిస్కులు, ఎర్ర గోళ్లరంగు

ఎలీసమ్మగారు గోళ్లకు రంగు వేసుకున్నది ఏనాడూ లేదు. అయినా పి.గన్నవరంలో ఆవిడ ఇంట్లో ఎర్ర గోళ్లరంగు సీసా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మిక్సీ రిపేరుకు వెళ్లినా, ఫ్యానుకు కాయిల్ కట్టించినా, లోపలి సామాను మీద ముందు ఆవిడ పెట్టిన చుక్క ఉండాలి. తిరిగొచ్చాక ఆ చుక్క కనిపిస్తేనే మెకానిక్కు కాఫీ. ముప్పై రెండేళ్లు లెక్కల టీచరుగా పనిచేసి, ఒకడి జవాబు ఇంకొకడి కాగితంలోకి ఎలా చేరుతుందో చూసిన మనిషి.

రిటైరయ్యాక కంప్యూటరు తనంతట తానే నేర్చుకుని, తమ చర్చి బాప్తిస్మం రిజిస్టర్లన్నీ స్కాన్ చేశారు. ఆ తర్వాత గోదావరి వరదలో అసలు పుస్తకాలు నాని, పేజీలు తడిసిన పూతరేకుల్లా అంటుకుపోయాయి. ఇప్పుడు చుట్టుపక్కల లంకల్లో ఏ ముసలమ్మకు వయసు రుజువు కావాలన్నా ఆ కంప్యూటరే దిక్కు.

అందుకే అమలాపురంలో కంప్యూటర్ల షాపున్న గంగాధర్ అందులో రెండు డిస్కులు బిగించాడు. ఏది రాసినా రెండింటిలోనూ పడుతుందని, ఒకటి పాడైనా రెండోది ఉంటుందని, దీన్ని రెయిడ్ అంటారని చెప్పాడు. తీరా తెర మీద చూస్తే డిస్కు ఒకటే. ఆవిడ మూత విప్పించి చూశారు. రెండూ ఉన్నాయి, రెండింటి మీదా చుక్కలున్నాయి. జంట కట్టేశాక ఒకటిగానే కనబడతాయని అతను చెప్పింది విన్నారు గాని నమ్మలేదు. రెండోదానిలో ఏదో దాచాడని మూడేళ్లుగా అనుమానం.

ఈమధ్య పాత విండోస్‌కు అప్‌డేట్లు రావడం ఆగిపోయింది. తీసేద్దామంటే స్కానరు దానితో తప్ప పనిచేయదు. దాన్నలా ఉంచి, ఇంటర్నెట్ పనులకు పక్కనే లినక్స్ అని, విండోస్ లాంటిదే ఇంకొకటి వేద్దామన్నాడు గంగాధర్. కంప్యూటరు షాపుకు పంపడానికి ఆవిడ ఒప్పుకోలేదు. ముందు రిజిస్టర్లు కాపీ చేసుకుంటానంటే అదీ వద్దన్నారు. అంతమంది పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల పేర్లు ఇతని డ్రైవులోకెక్కి ఎక్కడికి పోతాయో ఎవరు చూడొచ్చారు?

శనివారం పొద్దున్న అతను పెన్‌డ్రైవుతో వచ్చాడు. ఆవిడ కుర్చీ దగ్గరకు లాక్కుని, మౌసు పట్టిన చేతినే చూస్తూ కూర్చున్నారు. లినక్స్ ఎక్కడ వేయాలో అడిగే పేజీ వచ్చింది. అందులో రెండు డిస్కులు, విడివిడిగా, ఒకే సైజువి. గంగాధర్ రెండోదాని మీదకు బాణం జరిపాడు.

“ఆగు,” అన్నారు ఎలీసమ్మగారు. “ఇదేంటి?”

“రెండో డిస్కండి. దీంట్లో వేసేద్దారనండి.”

“మూడేళ్లబట్టీ రెండూ ఒకటేనన్నావు. ఇవాళ రెండని చూపిస్తున్నావు. ఏది అబద్ధం?”

“అబద్ధమేం లేదండి టీచరుగారూ. రెండూ నిజవేనండి.”

“అయితే దీని మీద కొత్తది రాస్తే, ఇందులో ఉన్నది ఏవవుద్ది?”

గంగాధర్ మౌసు మీంచి చెయ్యి తీసేశాడు. రెండు డిస్కుల జంట సంగతి విండోస్‌కు తెలుసు, ఈ కొత్తదానికి తెలియదు. నొక్కి ఉంటే రెండో ప్రతి చెరిగిపోయేది. ఆపైన జంట చెడి, రిజిస్టర్లున్న డిస్కు కూడా దక్కేదో లేదో. ఇదంతా అతనే నెమ్మదిగా చెప్పుకొచ్చాడు.

“మీరడక్కపోతే నొక్కేసుందునండి,” అన్నాడు చివరికి.

దొరికాడన్న సంతోషం ఆవిడకు కలగలేదు. కాపీ వద్దన్నది తానే. దొంగేమోనని ఇన్నాళ్లూ కాపలా కాశారు గాని, పొరబాటు పడతాడేమోనని ఒక్కరోజూ అనుకోలేదు.

“కాపీ చెయ్యి. కాపీ ఉన్న డిస్కు మటుకు నా బీరువాలో ఉంటుంది.”

“ఆయ్.”

అతను అమలాపురం వెళ్లి, కాపీకి ఒకటి, లినక్స్‌కు ఒకటి కొత్త డిస్కులు తెచ్చాడు. కాపీ అయ్యాక, ఈసారి పొరబాటుకు తావుండకూడదని పాత రెండింటినీ విప్పి ఆవిడ చేతికిచ్చాడు. లినక్స్ ఎక్కినంతసేపూ అవి ఎలీసమ్మగారి ఒళ్లో, చీర కొంగు కింద ఉన్నాయి. తిరిగి ఇచ్చేటప్పుడు చుక్కలు చూసే ఇచ్చారు.

అంతకుముందు లినక్స్ డిస్కు బిగించేటప్పుడే గంగాధర్ తనంతట తాను సీసా అడిగి, చుక్క పెట్టించుకున్నాడు. చివర్లో పాత రెండూ మళ్లీ బిగించి, విండోస్ తెరిచి, రిజిస్టర్లు చూపించాడు. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, మొదటి రిజిస్టరు నుంచి ఏడాదికో పేజీ చొప్పున తెరిపించారు. అతనికి కాఫీ దొరికేసరికి సాయంత్రం అయిదైంది.