గవర్నరు గారి పంటి నొప్పి

బర్మా రేవుపట్నంలో లత అనే పేటలో, ఒక పాత భవనం మూడో అంతస్తులో మా ఆఫీసు. అమెరికాలోని ఒక గ్రంథాలయం తన దగ్గరున్న పాత చేతిరాత కాగితాలను ఫొటోలు తీసి పంపిస్తుంది. వాటిని చదివి టైపు చేయడం మా పని. చాలాకాలంగా నాకు వస్తున్నవన్నీ ఒకే మనిషివి. అమెరికా ఇంకా కొత్త దేశంగా ఉన్న రోజుల్లో, రాష్ట్రంగా కూడా మారని ఒక అడవి ప్రాంతానికి గవర్నరుగా వెళ్లినాయన. ఎస్ అక్షరాన్ని ఎఫ్‌లా రాస్తాడు. మొదట్లో కళ్లు నొప్పులు పుట్టేవి. పోనుపోను మా నాన్న రాత కంటే ఆయన రాతే ఎక్కువ అలవాటైంది.

ఆయనది ఏ కాగితమూ పోలేదు. రాజధానికి చేసిన ఫిర్యాదులున్నాయి, సైనికులకు బూట్లు లేవన్న మొర ఉంది. చివరికి పన్ను పీకడానికి వైద్యుణ్ణి పంపమని రాసిన చీటీ కూడా భద్రంగా ఉంది.

ఆ చీటీ టైపు చేసిన వారంలోనే నాన్న పౌరసత్వం కార్డు మార్పించడానికి వెళ్లాం. నాన్న ఈ ఊళ్లోనే, రేవు పక్కనున్న బోటాటౌంగ్‌ పేటలో పుట్టాడు. తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో బస్తాలు మోశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి వాళ్ల బస కాలిపోయింది. కాగితాలేమైనా ఉంటే అవీ దాంతోనే పోయాయి.

కౌంటరు వెనకున్న ఉద్యోగి మర్యాదగానే మాట్లాడాడు. పెద్దవాళ్లను పిలిచినట్టే ‘ఊలే’ అన్నాడు.

“ఊలే, మీ నాన్న ఇక్కడున్నట్టు రుజువేమైనా ఉందా?”

“రేవుంది కదా. గోదాములున్నాయి,” అన్నాడు నాన్న బర్మీసులోనే.

“వాటి మీద ఆయన పేరుందా?”

నాన్న నా వైపు చూశాడు, కాగితాల పని చేసే కూతురు ఏదో ఒకటి తీసి చూపిస్తుందన్నట్టు. నా సంచిలో గొడుగూ నీళ్ల సీసా తప్ప ఏమీ లేవు.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. బాల్కనీలో కూర్చుని నాన్న అడిగాడు.

“ఈయేల మీ దొర ఏటి రాసినాడే?”

“అక్కడి తెగల పెద్దల్తో ఒప్పందం, నాన్నా. ఆల్ల నేలంతా తీసీసుకున్నారు. ఆల్లకి రాత రాదు గదా, కింద గీతలు పెట్టినారు.”

“మరాల్ల పేర్లు?”

“గుమాస్తాకి ఎలా ఇనబడితే అలా రాసీసినాడు. ఒక్క మనిషికే మూడు రకాల పేర్లున్నాయి.”

“నేల ఆల్లదే గదేటి? మరాల్ల కాయితాలేవి?”

“నేవు.”

“మనమే నయం. మనకి నేలా నేదు,” అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

తర్వాత చాలాసార్లు తిరిగాం. మా వీధిలో ఇద్దరు ముసలివాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పారు. చాలదన్నారు. చివరికి కార్డు ఇచ్చారు కానీ, పూర్తి పౌరుడికిచ్చేది కాదు. రంగు వేరు, హక్కులు తక్కువ. నాన్న దాన్ని రెండు చేతులతో అందుకుని ఆ ఉద్యోగికి దండం పెట్టాడు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు నేను ఆగలేకపోయాను. “ఆడికి దండమెందుకు పెట్టినావు?”

“పెట్టకపోతే ఏటి సేత్తాం, తల్లీ?”

బస్సు వచ్చింది. నాన్నను ఎక్కించి నేను ఆఫీసుకు నడిచాను. తెరిచిన మొదటి కాగితంలో గవర్నరు గారి గుర్రానికి కాలు బెణికిందని ఉంది. ఒక్క అక్షరం తప్పు పోకుండా టైపు చేశాను.