లేత కాయల కోత

ఊళ్లో ఆమెను కూరగాయల మేడమ్ అంటారు. ఉద్యానశాఖలో ఉద్యోగం. మొక్కజొన్న తప్ప మరో పంట ఎరుగని రైతుల చేత పండ్లు, కూరగాయలు వేయించడం ఆమె పని. స్కూటరు ఆగితే చాలు, "వచ్చిందిరోయ్! ఈసారి గులాబీలు వేయమంటుందేమో!" అని నవ్వేవారు. ఇంట్లో భర్తదీ అదే వరస. "నీ మాట వినేది టమాటా నారొక్కటే" అనేవాడు.

చివరికి ఒక పెద్దాయన ఒప్పుకున్నాడు. ఊరంతా ఆయన్ని మొండిమామ అంటుంది. అరెకరంలో పందిళ్లు వేసి కీరదోస పాకించాడు. ఇది గట్టెక్కితే మిగతావాళ్లు దిగుతారు. లేదంటే మళ్లీ మొక్కజొన్నే.

కొనేవాడి వ్యాను వచ్చే రోజు ఆమెకు కాలు నిలవలేదు. ముందే పొలం చేరింది. గట్టు నిండా జనం. మొండిమామ మీసం దువ్వుతూ ఎదురొచ్చాడు.

"చూడమ్మా! ఒక్క కాయ ముట్టుకోనిచ్చానా ఎవర్నైనా?"

రోకళ్లంత కాయలు. పసుపు తిరిగాయి. ఆమె ఒకదాన్ని నొక్కి చూసింది, ముదిరిపోయింది. విత్తనం నుంచి పందిరి దాకా అన్నీ చెప్పింది. లేతగా కోయాలని మాత్రం చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని తోచనే లేదు. కంకి ఎండేదాకా ఆగడమే తెలిసిన మనిషి, ఆగాడు.

వ్యానతను వచ్చి ఒక కాయ విరిచాడు. "గింజ ముదిరింది మామా. ఇక వీటితో బట్టలు బాదుకోవాలి."

గట్టు మీద నవ్వులు. ఆమె గబగబా ఆకులు ఎత్తింది. లోపల జానెడు కాయలు, కొసన ఇంకా వాడిన పువ్వుతో.

"ఇవిగో! ఇవే కావాలి. కోయండి మామా!"

"పసికాయలమ్మా. నాకు చేతులు రావు."

"మీకు రాకపోతే నాకొస్తాయి, జరగండి మామయ్యా!" ఆయన కోడలు కొంగు దోపి పందిరి కిందికి దూరింది. "మేడమ్, ముదురువేం చేద్దాం?"

"తెంపి పారెయ్! తీగ బలమంతా అవే తాగేస్తున్నాయి. అవి పోతే కొత్త పిందెలొస్తాయి."

నిండినవి కొన్ని ట్రేలే. వ్యానతను పెదవి విరిచాడు గాని, ఎక్కించుకున్నాడు.

"ఎల్లుండొస్తా. ఇలాంటివుంటేనే ఆగుతా."

వ్యానతను చెప్పిన రోజున ఆమె వచ్చేసరికి గట్టున ట్రేలు దొంతరలుగా ఉన్నాయి. పందిరి కింద మొండిమామ కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. వ్యాను హారన్ మోగింది.

"అరవకురా! ఇంకో సాలుంది!" లోపలినుంచి కేక.

పక్క చేను రైతు ఆమె దగ్గరికొచ్చి తల గోక్కున్నాడు. "మేడమ్, మా చేలో పందిరి ఏ వైపు వేస్తే బాగుంటుందంటారు?"

ఆమె అప్పటికే గట్టు దిగి అతని చేలోకి నడిచింది.